మీ ప్రశ్నలు, మా జవాబులు: ఆలస్యం ఎవరి మీద పడుతుంది?

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు పాఠకుల నుంచి ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి రాసినవి. ఇంట్లో, సంఘంలో, దుకాణంలో, కళాశాలలో ఆలస్యం వల్ల కలిగే మనస్తాపం గురించి ఇంతమంది రాస్తారని మేము అనుకోలేదు. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయించాం. ఉత్తరాలను కొంత కుదించాం, పేర్లు తీసేశాం.

ప్రశ్న: మాది బరంపురం. మా నాన్నగారు రైల్వేలో పనిచేశారు. పుట్టింట్లో ఎక్కడికి వెళ్లాలన్నా అరగంట ముందే సిద్ధమయ్యేవాళ్లం. అత్తవారింట్లో ఏడు గంటలకు విందు అంటే ఏడు గంటలకు స్నానానికి లేస్తారు. నేను చీర కట్టుకుని, పిల్లవాడికి బూట్లు తొడిగి, ఇంటి తాళం చేత్తో పట్టుకుని వరండాలో కూర్చుంటాను. మా వారు అప్పుడు గడ్డం గీసుకోవడం మొదలుపెడతారు. అడిగితే "అందరూ ఎనిమిదిన్నరకే వస్తారు" అంటారు. వెళ్లి చూస్తే నిజంగానే అందరూ అప్పుడే వస్తారు. తప్పు నాదేనా? నన్ను లెక్కచేయకపోవడం వల్లనే ఇలా చేస్తున్నారని నేను అనుకోవడం పొరపాటా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. విందుకు ఎనిమిదిన్నరకు వెళ్లడం తప్పా అన్నది ఒకటి. మిమ్మల్ని వరండాలో కూర్చోబెట్టడం తప్పా అన్నది రెండోది. మీ వారు మొదటిదానికి జవాబు చెప్పి రెండోదాన్ని దాటవేస్తున్నారు.

ముందు మొదటి ప్రశ్న చూద్దాం. మన తెలుగువాళ్లకు కాలమంటే లెక్కలేదనే మాటను నేను ఒప్పుకోను. మన పంచాంగం గడియను 24 నిమిషాలుగా, విఘడియను 24 సెకన్లుగా లెక్కకట్టింది. ఇంట్లో ఉన్న ఏ పెళ్లి శుభలేఖనైనా తీసి చూడండి, దాని మీద రెండు సమయాలు ఉంటాయి. విందు సాయంత్రం ఏడు గంటల నుంచి అని ఒకటి, సుముహూర్తం రాత్రి పదకొండు గంటల నలభై రెండు నిమిషాలకు అని ఇంకొకటి. విందుకు గంటన్నర ఆలస్యంగా వచ్చిన పెద్దమనిషే జీలకర్ర బెల్లం వేళకు పురోహితుడి పక్కన నిలబడి, చేతి గడియారం చూస్తూ, బాజాలవాళ్లకు సైగ చేస్తాడు. అంటే ఆయనకు నిమిషం విలువ బాగా తెలుసు. మనుషుల కోసం ఆగని సమయం, మనుషులు కూడితేనే మొదలయ్యే సమయం అని ఆయన మనసులో రెండు పద్దులు ఉన్నాయి.

అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ సమాజాలు కాలాన్ని వాడుకునే తీరులో ఇటువంటి తేడానే గుర్తించారు. కొన్నిచోట్ల పనులను గడియారం ప్రకారం ఒకదాని తరువాత ఒకటి చేస్తారు, మరికొన్నిచోట్ల ఎదురుగా ఉన్న మనిషితో వ్యవహారం పూర్తయ్యాకే తరువాతి పనికి కదులుతారు. మీ పుట్టింటిది మొదటి పద్ధతి, అత్తింటిది రెండోది. బరంపురం వంటి ఊళ్లో ఈ విషయం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఒడియా మిత్రుల ఇంట పెళ్లికి వెళితే వరుడి ఊరేగింపు ఎప్పుడు చేరుతుందో చూసుకుని బయలుదేరుతాం, మన ఇళ్లలో పెళ్లికి ముహూర్తాన్ని బట్టి బయలుదేరుతాం. ఎవరి ఇంట ఏది సరైన వేళ అన్నది ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసి ఉంటుంది. భోజనాల వేళకు సరిగ్గా వచ్చి కూర్చుంటే తొందరపడ్డట్టు ఉంటుందని సంకోచించేవాళ్లు మనలో ఇప్పటికీ ఉన్నారు. దగ్గరి బంధువుల సంగతి వేరు. పెళ్లికూతుర్ని బుట్టలో తీసుకురావలసిన మేనమామ ఆలస్యం చేస్తే, ఆయన ఎందుకో అలిగాడని పందిరంతా అనుకుంటుంది. ఆయన రాకతో తన కోసం అందరూ ఆగాలన్న హక్కు నెరవేరుతుంది. కనుక విందుకు ఎనిమిదిన్నరకు చేరడం ఆ వాడుకలో తప్పేమీ కాదు.

రెండో ప్రశ్నకు వస్తే, మీ బాధకు కారణం ఉంది. బారీ స్వార్ట్జ్ అనే సామాజికశాస్త్రవేత్త 1974లో ఎదురుచూపు గురించి రాసిన వ్యాసంలో, ఎవరు ఎవరికోసం వేచి ఉంటారన్నది వాళ్ల మధ్య ఉన్న అధికారాన్ని బట్టి ఉంటుందని చూపించారు. రోగి డాక్టరు కోసం వేచి ఉంటాడు, అర్జీదారు అధికారి కోసం వేచి ఉంటాడు. అటునుంచి ఇటు వేచి ఉండటం అరుదు. కాబట్టి మీ వారి గురించి మీరు తెలుసుకోవలసింది ఒక్కటే. ఆయన రైలుకు, ఆఫీసుకు, పైఅధికారి పిలిచిన సమావేశానికి కూడా ఇలాగే ఆలస్యంగా వెళతారా? వెళితే అది అందరి మీదా సమానంగా పడే అలవాటు, దాన్ని అలవాటుగానే సరిచేసుకోవాలి. వాటన్నింటికీ వేళకు వెళ్లి, మీరు వేచి ఉన్నప్పుడు మాత్రమే గడ్డం గీసుకోవడం మొదలుపెడితే, మీ సమయానికి ఖరీదు లేదని ఆయన మనసులో ఎక్కడో స్థిరపడినట్టే. చాలామంది మగవాళ్లు దీన్ని తెలిసి చేయరు. తెలియక చేసినా, ఎదురుచూసేవారికి నొప్పి తగ్గదు.

మీరు కూర్చున్న గంటన్నర ఎందుకంత భారమైందో కూడా చెప్పాలి. ఎదురుచూపు మీద డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసంలో, చేతిలో పనిలేని నిరీక్షణ పనితో గడిచినదానికంటే పొడుగ్గా తోస్తుందని, ఎంతసేపో తెలియని నిరీక్షణ తెలిసినదానికంటే, కారణం చెప్పని నిరీక్షణ చెప్పినదానికంటే పొడుగ్గా తోస్తాయని వివరించారు. చీర కట్టుకుని కూర్చున్న మనిషి కూరలు తరగలేదు, పడుకోలేదు. ఎప్పుడు బయలుదేరతారో ఆమెకు తెలియదు, చెప్పేవారూ లేరు. ఆ మూడు భారాలూ మీ ఒక్కరి మీదే పడ్డాయి.

అందుచేత "మీకు నా మీద గౌరవం లేదు" అన్న మాటతో మొదలుపెట్టకండి. ఆ మాట వినగానే ఆయన తన మంచితనాన్ని నిరూపించుకునే పనిలో పడతారు, గడియారం సంగతి మరుగున పడిపోతుంది. విందుకు చేరే వేళను వదిలేసి, ఇంటి నుంచి బయలుదేరే వేళను మధ్యాహ్నమే ఇద్దరూ కలిసి ఖాయం చేసుకోండి. ఎనిమిదింబావు అంటే ఎనిమిదింబావే. మీరు ఎనిమిదింటికి ముందు చీర మార్చుకోవద్దు. ఎనిమిదింబావుకు ఆటో పిలవండి. ఆయన సిద్ధంగా లేకపోతే కోపం చూపకుండా పిల్లవాడితో మీరు ముందు వెళ్లి, ఆయన్ను వెనుక రమ్మనండి. ఇలా చేయబోతున్నారని ముందే చెప్పి ఉంచడం ముఖ్యం. చెప్పకుండా వెళితే అది అలక అవుతుంది.

ప్రశ్న: రాయగడలో మా తెలుగు సంఘానికి నేను కార్యదర్శిని. ఉగాది సభ సాయంత్రం ఐదు గంటలకని కార్డు వేస్తాం. ఆరున్నర దాటితే గానీ జ్యోతి వెలిగించం, ముఖ్య అతిథి ఏడింటికి వస్తారు. పద్యాలు అప్పజెప్పవలసిన పిల్లలు తల్లుల ఒళ్లో నిద్రపోతారు. ఆలస్యంగా వచ్చే కార్యవర్గ సభ్యులకు వంద రూపాయల జరిమానా వేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. మీ సలహా ఏమిటి?

జవాబు: జరిమానా వద్దండీ. దీనికి గట్టి ఆధారమే ఉంది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో సాయంత్రం పిల్లల్ని తీసుకువెళ్లడానికి తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని, ఆరు శిశుసంరక్షణ కేంద్రాల్లో జరిమానా పెట్టి చూశారు. పది నిమిషాలకు మించి ఆలస్యమైతే బిడ్డకు పది షెకెళ్లు. ఉరీ గ్నీజీ, ఆల్డో రుస్తికీని అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఈ ఫలితాలను 2000లో ప్రచురించారు. ఆలస్యంగా వచ్చేవారి సంఖ్య తగ్గకపోగా కొన్ని వారాల్లో దాదాపు రెట్టింపయింది. అంతవరకు, తమ వల్ల ఆ పంతులమ్మ ఇంటికి వెళ్లలేక కూర్చుందన్న మొహమాటం తల్లిదండ్రులను పరుగెత్తించేది. డబ్బు కట్టడం మొదలయ్యాక ఆమె అదనపు సమయం వాళ్లు కొనుక్కున్న సరుకైపోయింది. ఇంకా విచారకరమైన విషయం ఏమిటంటే, తరువాత జరిమానా ఎత్తివేసినా పాత మొహమాటం తిరిగి రాలేదు. మీ సభ్యుల్లో వంద రూపాయలు లెక్కలేనివారు కనీసం నలుగురైనా ఉంటారు. మొదటి నెలలో సంఘం పెట్టె నిండుతుంది, సభ మాత్రం ఆరున్నరకే మొదలవుతుంది.

మీ సభ్యులు సోమరులని అనుకోకండి. ఐదింటికి వచ్చినవాడికి ఏం దొరుకుతుందో ఆలోచించండి. ఖాళీ కుర్చీలు, మైకు సరిచేసే కుర్రవాడు, గంటన్నర నిరీక్షణ. ఒకసారి అలా కూర్చున్నవాడు మరుసటి ఏడు ఆరింటికి వస్తాడు, అందరూ ఆరింటికి వస్తారు కాబట్టి సభ ఆరున్నరకు జరుగుతుంది. కౌశిక్ బసు, యోర్గెన్ వైబుల్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు సమయపాలన గురించి రాస్తూ సరిగ్గా ఈ మెలికనే విప్పి చూపించారు. పక్కవాడు వేళకు వస్తాడన్న నమ్మకం ఉన్నచోట వేళకు రావడం లాభం, ఆ నమ్మకం లేనిచోట నష్టం. అవే మనుషులు ఒకచోట వేళకు, మరొకచోట ఆలస్యంగా ప్రవర్తించడానికి స్వభావం మారనక్కరలేదు. అందుకే ఒక్కరు మారితే చాలదు, అందరూ ఒకేసారి మారాలి. ఈక్వడార్ దేశంలో 2003 అక్టోబరు 1న సమయపాలన ఉద్యమం మొదలుపెట్టినప్పుడు, మధ్యాహ్నం పన్నెండు గంటలకు దేశమంతటా గడియారాలు ఒక్కటి చేసుకోవాలని పిలుపునిచ్చారు. ఆ పిలుపు వెనుక ఉన్న ఆలోచన ఇదే.

మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. కార్డు మీద వేసిన వేళకు, ఎంతమంది ఉంటే అంతమందితో, మంచి భాగాన్నే ముందు పెట్టి మొదలుపెట్టండి. పిల్లల పద్యాలు ఐదూ పదికి రావాలి. తమ బిడ్డ పద్యం విందామనుకునే తల్లిదండ్రులు, అమ్మమ్మలు, తాతయ్యలు ఐదింటికే వస్తారు. మొదటి ఏడు సగం కుర్చీలు ఖాళీగా ఉన్నా చలించకండి. పద్యాలు అయిపోయాక వచ్చి బాధపడిన ఒక్క తాతగారు మరుసటి ఏడు మీ సభకు ఎవరూ ఇవ్వలేనంత ప్రచారం ఇస్తారు.

ముఖ్య అతిథి విషయం సున్నితమైనదే, అయినా చెప్పకుండా ఉండలేను. ఆలస్యాన్ని హోదాగా చూడటం మన ఒక్కరి జాడ్యం కాదు. అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ లెవీన్, సహచరులతో కలిసి బ్రెజిల్‌లోని నితెరోయ్‌లోను, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలోను విద్యార్థులను అడిగి చూసినప్పుడు, ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే మనిషే జీవితంలో ఎక్కువ పైకి వచ్చినవాడై ఉంటాడని బ్రెజిల్ విద్యార్థులు భావించారు. మనమూ అంతే. పెద్దమనిషి వేళకు వస్తే ఆయనకు పనేమీ లేదేమోనని అనుకుంటాం, ఆలస్యంగా వస్తే లేచి నిలబడతాం. ఆయన్ను ఆలస్యంగా రప్పిస్తున్నది మన మర్యాదే. చాలా సందర్భాల్లో అతిథికి కార్యదర్శే ఫోన్ చేసి "ఇంకా జనం రాలేదు, నెమ్మదిగా బయలుదేరండి" అని చెబుతాడు. ఈసారి ఆ ఫోన్ చేయకండి. "మీ ప్రసంగం ఆరింటికి, దానికి ముందు పిల్లల కార్యక్రమం ఐదింటికి మొదలైపోతుంది" అని ఆహ్వానంలోనే రాయండి. ఆయన ఏడింటికి వస్తే వచ్చిన చోటి నుంచి సభ సాగుతుంది. నిద్రపోయే పిల్లల కంటే ఆయన పెద్దవారేమీ కాదు.

ప్రశ్న: పర్లాకిమిడిలో నాకు దర్జీ దుకాణం ఉంది. జాకెట్లు బాగా కుడతానన్న పేరుంది, చెప్పిన రోజుకు ఇవ్వడన్న పేరు అంతకంటే ఎక్కువ ఉంది. కావాలని ఎవరినీ తిప్పించుకోను. మంగళవారానికి ఇస్తానన్నప్పుడు నిజంగా ఇవ్వగలననే అనుకుంటాను. మరి ఎందుకు ఇలా జరుగుతోంది?

జవాబు: మీరు అబద్ధం చెప్పడం లేదని నమ్ముతున్నాను. డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లోనే ఈ పొరపాటును గుర్తించారు. మనిషి ఒక పనికి పట్టే కాలాన్ని ఊహించేటప్పుడు ఆ పనిని మాత్రమే చూస్తాడు, అలాంటి పనులకు ఇంతకుముందు ఎంతకాలం పట్టిందో చూడడు. 1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ కెనడాలో విద్యార్థులను తమ పరిశోధన వ్యాసం ఎన్నాళ్లకు పూర్తవుతుందని అడిగారు. వాళ్లు చెప్పిన సగటు 33.9 రోజులు, నిజంగా పట్టింది 55.5 రోజులు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లు పడుతుందో చెప్పమన్నా వాళ్లు చెప్పిన సగటు 48.6 రోజులే. మనం ఊహించే గడ్డుకాలం కూడా అసలు కాలం కంటే నయంగానే ఉంటుందన్నమాట.

మీ విషయంలో ఇది ఎలా జరుగుతుందో చూడండి. కొలతల పుస్తకంలో పేజీకి గుడ్డముక్క గుచ్చి, మంగళవారం అని రాసేటప్పుడు మీ కళ్లకు కనిపించేది కటింగ్, మిషను మీద కుట్టు. అవి రెండు గంటల పని. లైనింగ్ రంగు కుదరక మళ్లీ బజారుకు వెళ్లడం, హుక్కులు, చేతికుట్లు పెట్టే మనిషి ఆ రోజు రాకపోవడం, సాయంత్రం కరెంటు పోవడం, పెళ్లివారు "అన్నా, మాది రేపే" అంటూ మధ్యలో దూరడం ఆ పేజీ మీద కనిపించవు. దాని మీద మొహమాటం ఒకటి. ఎదురుగా నిలబడ్డ ఆడపడుచుకు పది రోజులు పడుతుందని చెప్పలేక, ఆ క్షణానికి ఆమెను సంతోషపెట్టే తేదీ నోటికి వస్తుంది. ఆమెకూ మీ సంగతి తెలుసు కనుక, శుక్రవారం కావలసినదాన్ని మంగళవారమే అని చెబుతుంది. ఇద్దరూ అబద్ధపు తేదీలు ఇచ్చిపుచ్చుకుంటారు, నిజంగా మంగళవారమే కావలసిన మనిషి నష్టపోతుంది.

పోయిన దసరా నాటి పుస్తకం తీయండి. ఇస్తానన్న తేదీ ఒక వరుసలో, ఇచ్చిన తేదీ ఇంకో వరుసలో రాసుకోండి. ఆ తేడా ఎన్ని రోజులో చూసి, ఈ ఏడు ఎవరికి మాట ఇచ్చినా నోటికి వచ్చిన తేదీకి అన్ని రోజులూ కలిపి చెప్పండి. ఒక్కొక్క జాకెట్‌ను విడిగా ఊహించుకోవద్దు. కొందరు వేరే దుకాణానికి వెళ్లిపోతారు, వెళ్లనివ్వండి. ఆలస్యం తప్పదని తేలిన రోజునే ఫోన్ చేయండి. రెండు మైళ్లు నడిచి వచ్చాక "ఇంకా కాలేదమ్మా" అనడం కంటే అది ఎంతో గౌరవం.

ప్రశ్న: మా ఊరు కాశీనగరం దగ్గర. పర్లాకిమిడి కళాశాలలో చదువుతున్నాను. బస్సు ఆలస్యమైతే మొదటి తరగతికి పది నిమిషాలు ఆలస్యంగా చేరతాను. ఊళ్లోనే ఉండే విద్యార్థుల ముందు ఒక మాస్టారు "చదువు మీద శ్రద్ధ లేనివాడివి" అన్నారు. సిగ్గుతో ఇప్పుడు ఆ తరగతికే వెళ్లడం మానేశాను.

జవాబు: బాబూ, వెంటనే తిరిగి వెళ్లు. పరాయివాడి నడవడికి అతని స్వభావమే కారణమని, మన నడవడికి పరిస్థితులు కారణమని అనుకోవడం మనుషుల్లో తరచుగా కనిపించే లోపం. దీన్ని లీ రాస్ అనే మనస్తత్వవేత్త 1977లో విస్తారంగా చర్చించారు. తాను ఆలస్యంగా వచ్చిన రోజు ఆ మాస్టారుకు దారి, వాన గుర్తుంటాయి, నువ్వు ఆలస్యంగా వచ్చిన రోజు నువ్వే కనిపిస్తావు. తరగతి అయ్యాక ఒంటరిగా కలిసి, "మాస్టారూ, నాకున్న మొదటి బస్సు ఇది, దీనికంటే ముందు బస్సు లేదు, ఆలస్యమైన రోజు వెనుక తలుపు నుంచి వచ్చి కూర్చోనిస్తారా?" అని అడుగు. నిజాన్ని ఒకేసారి ముందుగా చెప్పడం మంచిది, రోజుకొక కారణం చెబితే ఏదీ నమ్మరు. ఉపాధ్యాయులు ఈ జవాబు చదువుతూ ఉంటే వారికి ఒక మనవి. సొంత వాహనం ఉన్న పిల్లవాడి సమయపాలనలో అతని తండ్రి పెట్టిన పెట్రోలు ఖర్చు కూడా ఉంది.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. ఐదు నిమిషాలకు, అరగంటకు తేడా తెలియనట్టు ఉంటాడు. స్నానానికి వెళ్లి దారిలోనే మరచిపోతాడు. కొట్టినా మారడం లేదు. ఏం చేయాలి?

జవాబు: కొట్టడం ఈ రోజుతో మానేయండి. ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ అనే స్థితిలో ఉన్న పిల్లలకు గడుస్తున్న కాలాన్ని అంచనా వేయడం కష్టమవుతుంది, అది మొండితనం కాదు. మీ అబ్బాయికి అదే ఉందని ఉత్తరం చూసి ఎవరూ చెప్పలేరు. బడిలో కూడా వస్తువులు పోగొట్టుకోవడం, మొదలుపెట్టిన పని వదిలేయడం ఉంటే బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగంలో చూపించండి. ఈలోగా "త్వరగా కానియ్" అనకుండా, వాడికి కనిపించేచోట ముల్లుల గడియారం పెట్టి, పెద్దముల్లు ఎక్కడికి వచ్చేలోగా ఏ పని కావాలో వేలితో చూపించండి.

ప్రశ్న: జయపురంలో ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. నాది మిగతావారికి వ్యతిరేకమైన సమస్య. ఎక్కడికి పిలిచినా గంట ముందే వెళతాను. ఈ మధ్య ఒకరింట సత్యనారాయణ వ్రతానికి వెళితే వాళ్లు ఇంకా గడపకు పసుపు రాస్తున్నారు, నన్ను చూసి గాభరాపడ్డారు. ముందు రావడం కూడా తప్పేనా?

జవాబు: తప్పని అనలేను గానీ, గంట ముందు వచ్చిన పెద్దవారు ఆ ఇంటివారి గంటను తీసుకుంటారు. చేతిలో పసుపు గిన్నె పక్కన పెట్టి, మీకు కుర్చీ వేసి, కాఫీ కలిపి, పక్కన ఒకరు కూర్చోవాలి. ఆలస్యంగా వచ్చినవాడు ఎంత సమయం తింటాడో దాదాపు అంతే. తేడా ఏమిటంటే మీ మీద కోపం చూపే హక్కు వాళ్లకు ఉండదు.

బడి గంటతో ఏళ్ల తరబడి బతికిన మనిషికి, ఆ గంట ఆగిపోయాక, ఎక్కడికైనా వెళ్లవలసిన రోజు ఉదయం నుంచే కాళ్లు నిలవవు. అది ఆదుర్దా కొంత, ఇంట్లో పొద్దు గడవకపోవడం కొంత. ఆ గంటను ఎక్కడ కోరుకుంటారో అక్కడ ఇవ్వండి. పైన రాయగడ కార్యదర్శి ఉత్తరం చదివారు కదా, వేళకు మొదలయ్యే సభకు మొదటి కుర్చీలో కూర్చునే పెద్దవారు కావాలి, జయపురంలోనూ అటువంటి సభలు ఉంటాయి. ఇళ్లకు వెళ్లేటప్పుడు మాత్రం ముందురోజే ఫోన్ చేసి, "పూజ పదింటికి కదా, నేను తొమ్మిదికి వచ్చి మామిడాకులు గుచ్చిపెట్టనా, లేక పదికే రానా?" అని అడగండి. తొమ్మిదికే రండి మాస్టారూ అన్న ఇంట మీకు కుర్చీ వేయనక్కరలేదు, దారం ఉండ ఇస్తారు.